పసుపు గడి

నా కెమెరాకి మా అక్కంటే పిచ్చి. ఇది నేనన్న మాట కాదు, నాటకం వాళ్ళందరూ అనేదే. స్టేజీ మీద పదిమంది ఉన్నా, ముందు వరసలో కథానాయిక మెరిసిపోతూ నిలబడ్డా, నేను కెమెరా ఎత్తి బొత్తాం సగం నొక్కితే చాలు, వెనక మూలన చీపురు పట్టుకుని నిలబడ్డ మా అక్క ముఖం మీదికి ఒక పసుపు గడి దూకి కూర్చునేది. మిగతా ముఖాలకి వస్తే గిస్తే తెల్ల గడి వచ్చేది. పసుపు మాత్రం అక్కదే.

ఇందులో మాయ ఏమీ లేదు. ఈ రకం కెమెరాల్లో మనకి ముఖ్యమైన మనిషి ముఖాన్ని ముందే ఎక్కించి పెట్టుకోవచ్చు. ఒకసారి ఎక్కించామంటే గుంపులో ఎవరున్నా సరే, అది ఆ ముఖాన్నే వెతుక్కుని దాని మీదే ఫోకస్ చేస్తుంది. నేను నాటకాల ఫొటోలు తీస్తాను. అక్క హాస్యపాత్రలు వేస్తుంది. అక్క ఎడమ కనుబొమ ఒక్కటీ అలా పైకి లేచేదంటే హాలంతా ఘొల్లుమనేది. అది లేచి దిగేలోపు పట్టుకోవాలంటే మానవమాత్రుల వల్ల కాదు. అందుకని అక్క ముఖం ఎక్కించాను. అప్పట్నించీ ఆ కనుబొమ నాకు ఒక్కసారి కూడా తప్పిపోలేదు.

అలాంటి అక్క, చలికాలం మొదట్లో ఒక పొద్దున పళ్ళు తోముకుని పుక్కిలిస్తుంటే నీళ్ళు ఎడమ పక్కనుంచి వాటంతటవే కారిపోయాయి. ముఖానికి పక్షవాతం. భయం లేదన్నాడు డాక్టరు. చాలామందికి పూర్తిగా తగ్గిపోతుంది, కొందరికి కాస్త మిగిలిపోతుంది అన్నాడు. మా అక్కకి కాస్త మిగిలింది.

కాస్త అన్నది మా ఇంటిల్లిపాది మాట. మా బావ పొద్దున కాఫీ ఇస్తూ ఒకసారి, సాయంత్రం చెప్పులు విప్పుతూ ఒకసారి, "ఏమీ తెలియడంలేదు తెలుసా" అనేవాడు. నేనూ అదే పాట. అక్క పక్కన కుర్చీ లాక్కుని, ఎప్పుడూ కూర్చునే కుడి పక్కనే కూర్చుని, "నిజంగానే అక్కా, అచ్చం మునుపటిలాగే ఉన్నావు" అనేదాన్ని. అక్క వినేది. రిహార్సల్ హాలు వైపు వెళ్ళడం మాత్రం పూర్తిగా మానేసింది. ఇంట్లో నవ్వడం కూడా తగ్గించింది, నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేది. అది చూడలేక నేను ఏదో పనున్నట్టు లేచి వంటింట్లోకి వెళ్ళేదాన్ని.

ఇంతలో కొత్త నాటకం మొదలైంది. అందులో ఒక ఇంటావిడ ఉంది, అద్దెకుండేవాళ్ళని గడగడలాడించే గయ్యాళి. ఆ పాత్ర అక్కే వెయ్యాలని డైరెక్టరుగారు ఇంటికొచ్చి కూర్చున్నారు. అక్క వద్దంది. ఆయన లేవలేదు. టీ తాగారు, మళ్ళీ అడిగారు. బావ కూడా బతిమాలాడు. చివరికి అక్క నావైపు చెయ్యి చూపించింది.

"సరే సార్. పోస్టరు ఫొటో ఇదే తీస్తుందిగా? దీని కెమెరా మునుపటిలా నా మీదికి దూకితే వేస్తాను. దూకకపోతే మాత్రం నన్నింకెప్పుడూ అడక్కండి."

డైరెక్టరుగారు నవ్వారు. బావ నవ్వాడు. వాళ్ళని చూసి నేనూ నవ్వాను. అక్క మాత్రం నవ్వలేదు. అక్క మాటంటే మాటే. చిన్నప్పుడు ఒకసారి నాతో మాట్లాడనని ఒట్టు పెట్టుకుని, ఇల్లంతా నీళ్ళొచ్చి మంచాలు తేలుతుంటే కూడా నన్ను లేపడానికి పిలవలేదు, కాలు పట్టుకుని లాగింది. అందుకే ఆ రోజు నుంచీ నాకు అన్నం సహించలేదు.

ఫొటో రోజు మధ్యాహ్నం రిహార్సల్ హాల్లో చెక్క మెట్లు వేశారు. కింది మెట్టు మీద కథానాయిక అమ్మాయి, ఆ పక్కన నాయకుడు, వాళ్ళ వెనక మిగతావాళ్ళు, అందరికంటే పైన నట్టనడుమ నడుం మీద చేతులు పెట్టుకుని అక్క. కాపరమున్న వాళ్ళందరి నెత్తినా ఇంటావిడ ఉన్నట్టు కనబడాలన్నది డైరెక్టరుగారి ఆలోచన. అక్క ముఖం స్పష్టంగా రావాలి, మిగతావాళ్ళు కొంచెం మసగ్గా ఉండాలి. అంటే ఫోకస్ అక్క కళ్ళ మీదే పడాలి. ఒక మెట్టు ముందుకి పడినా ఆ పోస్టరు ఎందుకూ పనికిరాదు.

దీనికి తోడు ఇంకో పీడ. తీస్తున్నది తీస్తున్నట్టే ఆయనకి పెద్దగా కనబడాలట. కెమెరాకి కేబుల్ తగిలించి పక్కన బల్ల మీద టీవీ అంత మానిటర్ పెట్టించారు. నా కంటికి ఏ గడి కనబడితే అందులోనూ అదే గడి కనబడుతుంది.

"దాన్ని ఇటు తిప్పవే, నాకూ కనబడాలి" అంది అక్క పై మెట్టు మీంచి.

"ముందు లైటు చూసుకోనీ" అన్నాను. తిప్పలేదు. ఎందుకో చెయ్యి రాలేదు.

కెమెరా కంటికి ఆనించి బొత్తాం సగం నొక్కాను. గడి వచ్చింది. తెల్లగా, కింది మెట్టు మీద అమ్మాయి ముఖం మీద.

అబ్బే అనుకుని వదిలేసి మళ్ళీ నొక్కాను. ఈసారి నాయకుడి ముఖం. మళ్ళీ నొక్కితే మళ్ళీ అమ్మాయి. గడి కింది వరసలోనే అటూ ఇటూ పచార్లు చేస్తోంది తప్ప పై మెట్టు వైపు తలెత్తి చూడటంలేదు.

మామూలుగా ఫోకస్ తప్పిందంటే నేను కంగారుపడే మనిషిని కాను. దానికో వరస ఉంది. ముందు లెన్సు పక్కనుండే చిన్న స్విచ్చి చూడాలి. సంచిలో రాసుకుని అది ఆటో నుంచి మాన్యువల్‌కి జారిపోతుంది, అది చూసుకోకుండా సగం మంది రిపేరు షాపుకి పరిగెడతారు. చూశాను, సరిగ్గానే ఉంది. తరవాత లెన్సు విప్పి దాని వెనక వరసగా ఉండే లోహపు చుక్కల్ని మెత్తటి గుడ్డతో తుడవాలి. వాటి మీద చెమట మరక ఉన్నా కెమెరాకీ లెన్సుకీ మాటలుండవు. తుడిచాను. బ్యాటరీ తీసి, కాసేపు ఆగి, మళ్ళీ పెట్టాను. లెన్సు ముందు గాజుని ఊది తుడిచాను.

"ఏమైందే?" అంది అక్క.

"ఏం లేదు. దుమ్ము."

నొక్కాను. అమ్మాయి ముఖం.

ప్రేక్షకుల కుర్చీల్లో ఒక చివర కూర్చున్న బావకి ఊరుకోబుద్ధి కాలేదు. "మరదలా, ఓసారి నెత్తి మీద తట్టి చూడు. మా నాన్న రేడియో అలాగే దారికొచ్చేది."

"దగ్గరికి రా బావా, ముందు నీ నెత్తి మీద తట్టి చూస్తాను" అన్నాను.

"ఆడలేక మద్దెల ఓడు అందిట ఎవత్తో" అని పైనుంచి అక్క. "ఫొటో తియ్యడం మర్చిపోయి కెమెరాని అంటున్నావేమో చూసుకో, చిటపటా!"

చిటపట నేనే. తాలింపులో ఆవాల్లా ఊరికూరికే పేలతానని అక్క పెట్టిన పేరు. మెట్ల మీదున్న వాళ్ళంతా నవ్వారు. అక్క కూడా నవ్వబోయి, చెయ్యి పైకెత్తి, ఇంటావిడ నడుం మీద చేతులు తియ్యకూడదని గుర్తొచ్చి దించేసింది.

లెన్సు మార్చాను. ఈ పెద్ద లెన్సు నాకు ప్రాణం, ఎంత చీకట్లోనైనా మాట వింటుంది. నిచ్చెన మీదున్న లైట్ల మనిషిని పై లైటు పెంచమన్నాను. ఆయన పెంచాడు. అక్క ముఖం మీద వెలుతురు బాగా పడింది. నొక్కాను. గడి మెట్టెక్కింది! ఒక్కో ముఖం మీదా ఆగుతూ ఆగుతూ అక్క దాకా వెళ్ళింది. అక్క ముఖం మీద తెల్లగా ఒక్క క్షణం నిలబడి, దారిన పోయేవాళ్ళని చూసినట్టు చూసి, మళ్ళీ కిందికి దిగిపోయింది.

దీని దుంపతెగ. మెనూలోకి వెళ్ళి చూశాను. ఎక్కించిన ముఖం చెరిగిపోయిందేమోనని చిన్న ఆశ. చెరిగిపోలేదు. అక్క ముఖం గోరంత బొమ్మగా అక్కడే ఉంది, కనుబొమ ఎగరేసి. ఆ ముఖాన్నే ముందు పట్టుకోమని చెప్పిన మీట కూడా నొక్కే ఉంది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. సరిగ్గా ఉన్నకొద్దీ నాకు భయం ఎక్కువైంది. ఏదో ఒకటి పాడైపోయి ఉండకూడదా అని మొక్కుకున్నంత పని చేశాను.

"ఇంకెంతసేపమ్మా?" అన్నారు డైరెక్టరుగారు.

"అయిపోయింది సార్, ఒక్క నిమిషం."

అప్పుడు బావ తుమ్మాడు. మా బావ తుమ్మితే పక్కింట్లో పసిపిల్లలు లేస్తారు. కథానాయిక అమ్మాయి అదిరిపడింది. అక్క విసురుగా బావ కూర్చున్న వైపు, తన ఎడమకి తల తిప్పి, "ఆ తుమ్మేదేదో బయటికెళ్ళి తుమ్మొచ్చుగా మహానుభావా!" అంది.

గడి పైకి దూకింది. పసుపు!

నాకు ప్రాణం లేచొచ్చింది. కేకేసి చెప్పబోయాను. అంతలో అక్క తిట్టడం ముగించి ముఖం నావైపు తిప్పింది. గడి తెల్లబడింది, జారిపోయింది. బావ ఏదో సమాధానం చెప్పాడు. అక్క మళ్ళీ అటు తిరిగింది. పసుపు. ఇటు తిరిగింది. తెలుపు.

అటు తిరిగితే నాకు కనబడేది అక్క కుడి చెంప. నేరుగా చూస్తే రెండూ కనబడతాయి. కెమెరాకి ఏ జబ్బూ లేదని నాకప్పుడు తెలిసింది. లెన్సు మంచిదే, లైటు మంచిదే, చుక్కలన్నీ శుభ్రంగానే ఉన్నాయి. అది పాపం మా అక్కనే వెతుకుతోంది. వెతికే ముఖం దానికి సగమే దొరుకుతోంది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. మానిటర్ అక్క వైపు తిప్పానా, అక్క ఇంక జన్మలో స్టేజీ ఎక్కదు. తిప్పకపోతే అక్కకి అనుమానం వస్తుంది. డైరెక్టరుగారు బల్ల దగ్గరికి వస్తున్నారు. ఏం చేస్తున్నానో తెలిసేలోపు నా చెయ్యి వెళ్ళి కేబుల్‌ని పీకేసింది. మానిటర్ నల్లబడింది.

"కేబుల్ కూడా పోయినట్టుంది సార్" అన్నాను ముక్కు రుద్దుకుంటూ.

అక్కడి నుంచి నేను ఆడిన నాటకం ఆ హాల్లో ఎవరూ ఆడి ఉండరు. తుడిచిన చుక్కల్నే మళ్ళీ తుడిచాను. మార్చిన లెన్సుని మళ్ళీ మార్చాను. మధ్యమధ్యలో "ఛ" అన్నాను, "ఇదొకటి" అన్నాను. దొంగకి తేలు కుట్టినట్టు లోపల మంట, పైకి పని. గడుల గొడవ ఆపేసి, ఫోకస్ చుక్క ఒక్కదాన్ని నేనే అక్క కంటి మీద పెట్టి నొక్కితే ఫొటో అద్దంలా వస్తుంది. పోస్టరుకి అది చాలు. ఏం లాభం? అక్క అడిగింది పోస్టరు కాదు.

"అక్కా, కొంచెం ఎడమకి తిరుగు. బావని తిట్టినప్పుడు తిరిగావు చూడు, అలా. చాలా బాగుంది."

"ఇంటావిడ నేరుగా చూడాలమ్మా" అన్నారు డైరెక్టరుగారు. "పోస్టరు చూసినవాడు అద్దె బాకీ ఉన్నట్టు ఉలిక్కిపడాలి."

"నేరుగానే చూస్తానే" అంది అక్క. ఆ మాట చాలా నెమ్మదిగా అంది.

అప్పుడు నాకో దొంగ ఆలోచన వచ్చింది. అక్క ముఖాన్ని ఇప్పుడున్నది ఉన్నట్టుగా కొత్తగా ఎక్కించేస్తే? ఎవరికీ చెప్పకుండా ఎక్కించి, వచ్చి కేబుల్ తగిలించి మానిటర్ తిప్పితే? పసుపు గడి దూకుతుంది, అక్క చూస్తుంది, పాత్ర వేస్తుంది. లైటు సరిచూస్తానని చెప్పి మెట్లెక్కి దగ్గరగా వెళ్ళి అక్క ముఖం నేరుగా ఒక్కటి తీశాను. మెమరీ కార్డు మార్చుకొస్తానని చెప్పి దుస్తుల గదిలోకి పరిగెత్తాను.

అది ఇరుకు గది. రెండు పక్కలా కొయ్యలకి వేలాడే కోట్లు, గౌన్లు, పోలీసు దుస్తులు, మధ్యలో ఒక బల్లపీట. అందరి చెమటా అత్తరూ కలిసిన వాసన. పీట మీద కూర్చుని ఇప్పుడు తీసిన ఫొటో తెరిచాను. ఫోకస్ సరిగ్గా పడిందో లేదో తెలియాలంటే కళ్ళ దగ్గర పెద్దది చేసి రెప్పల వెంట్రుకలు చూడాలి. చేతికి అలవాటైన పని. పెద్దది చేశాను.

ఎడమ కన్ను కుడి కన్నుకంటే కొంచెం ఎక్కువ తెరుచుకుని ఉంది. దాని చివర తడి. ఎడమ చెంప నునుపుగా, గీతల్లేకుండా, నిద్రపోతున్నట్టుంది. నోటి మూల కిందికి దిగింది. నేను ఆ ముఖాన్ని అంతసేపు చూడటం అదే మొదటిసారి. జబ్బు చేసిన రోజు నుంచీ రోజూ వెళ్ళి పక్కన కూర్చున్నదాన్ని, ఒక్కసారి కూడా చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే కళ్ళు ఎర్రబడి దొరికిపోతానని మింగేశాను.

మెనూలోకి వెళ్ళాను. మొదట వెతకాల్సిన ముఖానికి అందులో ఒకటే చోటు. కొత్తది ఎక్కాలంటే పాతది తియ్యాలి. తీసెయ్యాలా అని అడిగింది కెమెరా. కింద రెండు మాటలు, అవును, వద్దు. పైన గోరంత అక్క, కనుబొమ ఎగరేసి.

నా వేలు కదల్లేదు. ఒక్క నొక్కు, అంతే. కానీ అది నేను చెయ్యాల్సిన పనేనా? ఆ ముఖం ఇంకెక్కడుంది? ఫొటోల్లో ఉందనుకోండి, కానీ ఫొటోల్లో ఉన్నది అయిపోయింది. ఇందులో ఉన్నది ఇంకా అక్కని వెతుకుతోంది. వెతకొద్దని నేనెలా చెప్పను?

"కార్డు మార్చడానికి ఇంతసేపా?"

తల ఎత్తాను. గుమ్మంలో అక్క. ఇంటావిడ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నిలబడింది. నేను కెమెరా ఒళ్ళో బోర్లా పెట్టేశాను.

"కేబుల్ పోలేదు. నువ్వే పీకావు. చూశాను" అంది.

"కాదక్కా, అది వదులైపోయి..."

"అమ్మ పుట్టిల్లు మేనమామకి తెలియదా? అబద్ధమాడితే నువ్వు ముక్కు రుద్దుకుంటావ్. ఇందాకట్నించీ రుద్ది రుద్ది పండు చేసుకున్నావు. అటు జరుగు."

అలవాటుగా అక్క నా ఎడమ పక్కన కూర్చునేలా జరగబోయాను. అలాగైతే నాకు కుడి చెంప కనబడుతుంది. అక్క నా మోకాళ్ళు దాటుకుని వెళ్ళి రెండో పక్కన కూర్చుంది. ఎడమ చెంప నా ముందుకొచ్చింది.

"గుర్తుపట్టలేదు కదూ?" అంది.

లెన్సు అందామని నోరు తెరిచాను. చెయ్యి ముక్కు దాకా వెళ్ళి ఆగింది.

"లేదు" అన్నాను.

అక్క తల ఊపింది. బయట ఎవరో మెట్లమీద కూర్చుని పాడుకుంటున్నారు. అయిపోయింది, అనుకున్నాను. ఇంక చీర విప్పేసి ఇంటికెళ్ళిపోతుంది. ఇంటికెళ్ళి మళ్ళీ నవ్వుకి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. నేనే చేతులారా చేశాను.

"నాకు పొద్దున్నించీ ఒకటే దడ" అంది అక్క. "గుర్తుపట్టకపోతే ఎలాగా అని కాదే. గుర్తుపడితే ఎలాగా అని. దూకితే ఒప్పుకున్నాను కాబట్టి వేసేదాన్నే. కానీ నమ్మేదాన్ని కాదు. ఇది కూడా మీ బావలాగే, నీలాగే, ఏమీ తెలియడంలేదు అంటోందనుకునేదాన్ని. ఏదీ, ఇలా ఇయ్యి."

కెమెరా తీసుకుని తెర చూసింది. గోరంత బొమ్మని కళ్ళు చిట్లించి చూసింది. ఎడమ కన్ను పూర్తిగా చిట్లలేదు.

"బాగుండేది కదే" అంది.

ఇప్పుడూ బాగానే ఉంది అనాలి. మేమందరం అలవాటు చేసుకున్న మాట అదే. నాలుక మీదికొచ్చింది కూడా.

"అవునక్కా. చాలా బాగుండేది. ఆ కనుబొమంటే నాకు ప్రాణం" అన్నాను. అని ఏడ్చేశాను, ఆపుకోలేకపోయాను.

"హమ్మయ్య!" అంది అక్క. నిజంగానే పెద్ద బరువు దించుకున్నట్టు వీపు గోడకి ఆనించింది. "ఇన్నాళ్ళకి ఒక్కరైనా పలకరించారమ్మా. ఇంట్లో ఎవరో పోతే ఎవరూ పోలేదని అందరూ కలిసి చెబుతుంటే నేనొక్కదాన్నే ఏడ్చుకోవాలా?"

నా ముక్కు తన చీర కొంగుతో తుడిచింది, చిన్నప్పటిలా గట్టిగా.

"మొదట్లో అద్దం చూస్తే నాకే ఎవరీవిడ అనిపించేదే. పలకరించాలంటే భయం వేసేది. రోజూ పొద్దున్నే వెళ్ళి కాసేపు ఎదురుగా నిలబడేదాన్ని. ఇప్పుడిప్పుడే మాటలు కలిశాయి. నాకే అన్నాళ్ళు పట్టింది, ఈ డబ్బాకి మాత్రం పట్టదా? నీకు మాత్రం పట్టదా? కుడి పక్కన కూర్చుని నా చెవితో మాట్లాడి పోతున్నావు రోజూ. ఇందులో 'అవును' అనేది ఎక్కడ నొక్కాలి?"

"అక్కా, వద్దు. వేరే దారి చూద్దాం, డైరెక్టరుగారితో చెప్పి..."

"ఇదేనా?"

నొక్కేసింది. గది బయటికెళుతూ లైటు ఆపినంత మామూలుగా నొక్కేసింది. బొమ్మ పోయింది. ఆ చోటు ఖాళీగా, బూడిద రంగులో ఉంది. అక్క వేలు మాత్రం బొత్తాం మీంచి వెంటనే లేవలేదు. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను.

"ఊఁ, ఇప్పుడు తియ్యి. దొంగచాటుగా తీసింది వద్దు. సరిగ్గా తియ్యి."

లేచి ఎదురుగా నిలబడి, కోట్ల మధ్యలో, నేరుగా తీశాను. ఎక్కించాను.

"మరి నీ షరతు?" అన్నాను.

"షరతు షరతే" అంది అక్క కుచ్చిళ్ళు సర్దుకుంటూ. "ఈ ముఖాన్ని చూసి దూకితే వేస్తాను. దూకకపోతే..." అని ఆగి, వాక్యం అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

అంటే నా దడ నాకే మిగిలింది. ఒక్క ఫొటోతో ఎక్కించిన ముఖం, అదీ గది వెలుతురులో. హాల్లోనేమో పైనుంచి లైటు, దూరం, మెట్ల నిండా జనం. ఎక్కించినవన్నీ వెంటనే పట్టుబడవని నాకు తెలుసు. ఎక్కించినా మొరాయించిన రోజులు ఎన్నో చూశాను. చెమట చేతులతో కేబుల్ తగిలించాను. మానిటర్ పట్టుకుని ఈసారి పూర్తిగా అక్క వైపు తిప్పాను. డైరెక్టరుగారు అభ్యంతరం చెప్పబోయి నా ముఖం చూసి ఊరుకున్నారు. బావకి ఏం అర్థమైందో ఏమో, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

నొక్కాను.

తెల్ల గడి. కింది మెట్టు అమ్మాయి.

షరతు సంగతి అందరికీ తెలుసు, తెలియనట్టు నిలబడ్డారంతే. గడి నాయకుడి మీదికి జరిగింది. అక్కణ్ణించి వెనక వరసకి. ఒక్కొక్కరి ముఖం మీదా ఆగుతోంది, వదిలేస్తోంది. అక్క మానిటర్‌నే చూస్తోంది. ఎక్కు తల్లీ, ఎక్కు, నీ కాళ్ళు మొక్కుతా. గడి అక్క ముందు మెట్టు దాకా ఎక్కింది. అక్కకి కాస్త కింద నిలబడ్డాయన ముఖం మీద ఆగింది. తెల్లగా, కదలకుండా, అక్కడే ఉండిపోయింది.

అక్క మానిటర్ మీంచి చూపు తీసేసింది. నేరుగా లెన్సులోకి, అంటే నా కంట్లోకి చూసింది. గడ్డం కొంచెం ఎత్తి, అద్దె ఏదీ అని అడిగే ఇంటావిడలా కనుబొమ ఎగరేసింది. ఎడమది కదల్లేదు. కుడిది లేచింది. నేనెప్పుడూ చూడలేదు అది లేవడం. ఇన్నేళ్ళూ ఎడమదాని చాటున ఉండిపోయింది కాబోలు.

గడి ఒక్క గెంతు గెంతింది.

పసుపు.

ఎవరో చప్పట్లు కొట్టారు. బావ భుజం మీది కండువా కింద పడేసుకుని, తీసుకోవడం కూడా మర్చిపోయి, "చూశావా, చెప్పలేదూ, చెప్పలేదూ నేను!" అని అరుస్తున్నాడు. ఆయనేం చెప్పాడో ఆయనకే తెలియాలి. డైరెక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. నేను కెమెరా కంటికి ఆనించుకుని అలాగే ఉండిపోయాను. ఆ గడి లోపల మా అక్క ఉంది, ఈ అక్కే, మొత్తం ముఖంతో.

"తీశావా?" అంది అక్క.

అప్పుడు చూసుకున్నాను. వేలు ఇంకా సగం నొక్కుడు దగ్గరే ఆగి ఉంది.

"నొక్కడం మర్చిపోయానక్కా."

"ఓసి చిటపటా!" అంది అక్క. "డబ్బా గుర్తుపట్టింది, నువ్వు నొక్కడం మర్చిపోయావా?" అని నవ్వింది. నడుం మీద చేతులు నడుం మీదే ఉన్నాయి. నోరు ఒక పక్కకి పోయింది, ఒక కన్ను మూసుకుంది, రెండోది తెరుచుకునే ఉంది, భుజాలు ఊగిపోయాయి. మెట్ల మీదున్న వాళ్ళందరూ అక్కతో కలిసి ఊగిపోతూ నవ్వారు. అంత కదలికలోనూ పసుపు గడి అక్కని వదల్లేదు.

ఈసారి నొక్కాను.